దూది గదిలో నలభై కార్డులు

ఆ గదికి ఒకటే కిటికీ. దాన్నీ మూసేసి సందుల్లో దూది కూరేవారు. వన్ టౌన్‌లో ఒక పరుపుల వ్యాపారి గోడౌను, దాని మేడ మీద గది అది. మూడు వైపులా కప్పు దాకా దూది బస్తాలు, నాలుగో వైపు తలుపు, తలుపు మీద లోపల్నించి వేలాడదీసిన బొంత. ఫ్యాను ఉంది కాని తిరగకూడదు. దాని చప్పుడు టేపులో పడుతుంది. ఉప్పెన వచ్చిన మరుసటి ఎండాకాలం, రోహిణి కార్తె. బజారంతా భోజనాలు చేసి కునుకు తీసే వేళ, తోపుడు బళ్లు ఆగిన ఆ రెండు గంటలే రికార్డింగు. బెజవాడలో మనిషన్నవాడు నీడ వదిలి కదలని వేళ.

మొదటి రోజు తలుపు గడియ పడగానే నాకు ఊపిరాడలేదు. దూది మాటల్ని మింగేస్తుంది. దగ్గితే నా దగ్గు నాకే పక్కింట్లో ఎవరో దగ్గినట్టు వినపడింది. ఎదురుగా బల్ల మీద రెండు చక్రాల పెద్ద టేపు రికార్డరు, దానికి తగిలించిన మైకు. మైకు ముందు స్టూలు మీద నేను. నా చేతిలో ఒక్కో వాక్యం రాసిన నలభై కార్డులు.

నాకు చదవడం రాదు.

ఆ సంగతి తెలిసిన మా అమ్మా, అన్నా అప్పటికి లేరు. మిగిలింది నేనొక్కదాన్నే. కట్టుకున్న మనిషికి కూడా తెలియదు. అసలు ఆయన నన్ను కట్టుకున్నదే నాకు చదువు వచ్చని.

చిన్నప్పుడు మా అన్న సాయంత్రం పూట బైబిల్లో కీర్తనలు పైకి చదివేవాడు. వాడి పక్కన కూచుని బియ్యం ఏరుతూ విన్నవి విన్నట్టే నాకు నోటికి వచ్చేశాయి. నన్ను చూడ్డానికి చల్లపల్లి అవతల ఒక ఊరినుంచి పెళ్లివారు వచ్చినప్పుడు, కాబోయే అత్తగారు "పిల్లకి చదువొచ్చా?" అనడిగింది. మా అమ్మ నా కళ్లలోకి చూడకుండా అన్న పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని తెరిచి, మధ్యలో ఒకసారి పేజీ తిప్పి, కీర్తన మొత్తం వినిపించాను. అత్తగారు కళ్లు తుడుచుకుంది. సంబంధం కుదిరిపోయింది. పేజీ తిప్పాలని నాకు ఎవరూ చెప్పలేదు, చెయ్యి దానంతటదే తిప్పింది.

మా ఆయన విజయవాడ గూడ్సు షెడ్డులో బస్తాలు మోసే ముఠా కూలీ. వేలిముద్ర మనిషి. పెళ్లాం చదువుకున్నదని ముఠా అంతా చెప్పుకునేవాడు. వన్ టౌన్‌లో కొండ వారన, మెట్లెక్కి పోయే ఇళ్లలో ఒకటి మాది. పిల్లలు లేరు. నేను ఒక మిషన్ ఆడపిల్లల బడిలో ఆయాని. శుక్రవారాల్లో ఇంటింటి ప్రార్థన కూడికలకు వెళితే వాక్యం చదవమని పుస్తకం ముందు నాకే ఇచ్చేవారు. ఏ వారం ఏది చదవాలో ఆదివారం గుడిలోనే చెబుతారు కాబట్టి, ఆ ఐదు రోజుల్లో దాన్ని ఎవరి నోటినుంచో పట్టుకునేదాన్ని.

ఉత్తరాలు వేరే గొడవ. అత్తగారి ఊరినుంచి ఆడబిడ్డ పంతులుగారితో కార్డు రాయించేది. బడి ఉన్న రోజుల్లో కార్డును కొంగున దాచుకు వెళ్లి, మూడో తరగతి పిల్లను పిలిచి, "ఏదీ, చేతిరాత చదవడం వచ్చో రాదో చూస్తాను" అని పరీక్ష పెట్టినట్టు చదివించుకునేదాన్ని. సాయంత్రానికి ఇంటికొచ్చి మా ఆయనకు నేనే చదివినట్టు వినిపించేదాన్ని. బడికి సెలవలైతే ఆ దారి లేదు. అప్పుడు అల్లేదాన్ని. ఆ పంతులుగారి ఉత్తరాలన్నీ ఒకే నడక. ముందు ఇచ్చట అందరం క్షేమం, తర్వాత అమ్మ మోకాళ్ల నొప్పులు, తర్వాత కాలవ నీళ్లు, ఆపైన గేదె, చివర మీ క్షేమం తెలుపగలరు. డిసెంబరులో అయితే గేదె బదులు పండగ బట్టలు. ఏది తర్వాత ఏదొస్తుందో నాకు తెలుసు. ఒక్కసారి కూడా పట్టుబడలేదు.

ఆ ఎండాకాలం సెలవల్లో ఒక ఆదివారం గుడి అయ్యాక మా పాస్టరు అయ్యగారు నన్ను ఆపారు. ఆయన పక్కన ఒక అమ్మాయి నిలబడి ఉంది. పాతికేళ్లు దాటి ఉంటాయి. జాకెట్టు మీద సిరా మరక, భుజాన సంచి. ఊళ్లో పంతుళ్ల కుటుంబమట. ఉత్తరాదిన పెద్ద చదువు చదువుతూ, పరిశోధనకు తెలుగు గొంతులు కావాలని వచ్చింది. గోడౌను ఆమె మేనమామదే.

"మన సంఘంలో చదువరి అంటే ఈవిడేనమ్మా. గంట కొట్టినట్టుంటది చదివితే," అన్నారు అయ్యగారు.

"ఒక్క వారం రోజులండీ. మధ్యాహ్నం పూట రెండు గంటలు. మీకు సెలవలే కదా," అంది ఆ అమ్మాయి.

పక్కనే మా ఆయన. "దానికేం, వస్తది," అనేశాడు. నేను కాదంటే ఎందుకు కాదన్నానో చెప్పాలి.

ఆ మొదటి రోజు నేను చెప్పిన అబద్ధం కళ్లజోడు. ఇంటి దగ్గర మర్చిపోయానన్నాను.

"అయ్యో, పర్లేదండీ. రేపు తెచ్చుకోండి."

"ఈ పూట ఊరికే పోవడమెందుకమ్మాయిగారూ. ముందు మీరు ఒక్కోటి చదివి వినిపించండి. ఎట్టా చదవాలో నాకూ తెలుస్తది."

ఆమె మొదటి కార్డు తీసి చదివింది. "గుడివాడ బస్సు ఇంకా రాలేదు, ఎండ మాత్రం వచ్చేసింది." నేను కార్డు వైపు చూస్తూ అదే అన్నాను. చక్రాలు తిరిగాయి. రెండో కార్డు. "రేపు పొద్దున కాలవకి నీళ్లు వదులుతారట." అదీ అన్నాను. నాకు అంకెలు వచ్చు. కార్డు మూలన ఉన్న నంబరు చూసి ఏ నంబరుకు ఏ వాక్యమో గుర్తుపెట్టుకున్నాను. ఇంటికి పోయేదాకా, మెట్లెక్కుతూ, నీళ్లు మోస్తూ నంబర్ల వరసన వాక్యాలు అనుకుంటూనే ఉన్నాను.

మర్నాడు పక్కింటి ముసలమ్మను బతిమాలి ఆమె కళ్లజోడు తెచ్చుకున్నాను. అది పెట్టుకుంటే నంబర్లు కూడా అలుక్కుపోయాయి. ముక్కు మీదికి జార్చి, పైనుంచి చూసి చదివాను.

"పెద్దావిడలా ఉన్నారండీ ఆ జోడుతో," అని నవ్వింది అమ్మాయి.

"ఇది పెట్టుకున్నాక మీరు ముగ్గురు కనపడుతున్నారు. ఎవరితో మాట్లాడాలో తెలీటంలేదు."

ఆమె బొంత కదిలేలా నవ్వింది. ఆ నవ్వు కూడా టేపులో పడింది, మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఒక్కో వాక్యం నాలుగైదు సార్లు చదవాలి. దూది నూగు గొంతులో అతుక్కునేది. చీర వెన్నంటా తడిసిపోయేది. తలుపు తియ్యమని అడగాలనిపించేది. తీస్తే మళ్లీ వెయ్యాలి, వేసేటప్పుడు నా మొహం చూస్తుంది, అందుకని ఊరుకునేదాన్ని.

అయిదో రోజు టేపు మారుస్తుండగా అడిగాను. "ఇవన్నీ ఏం చేస్తారమ్మాయిగారూ?"

"కంప్యూటరని ఒక మిషనుందండీ, దానికి వినిపిస్తాం. మనం మాట్లాడేది విని అదే రాసిపెట్టాలని."

"ఎవరు మాట్లాడినా?"

"ఎవరు మాట్లాడినా. అదే పెద్ద చిక్కు. నా గొంతుకు అలవాటు చేస్తే మీ గొంతు దానికి తెలీదు. అందుకే ఇంతమందిని పిలుస్తున్నాను. ఇంకో చిక్కేంటంటే, మనం మాటకీ మాటకీ మధ్య ఆగం. గడగడా కలిపేస్తాం. ఎక్కడ ఒక మాట అయిపోయి ఇంకోటి మొదలయిందో దానికెలా తెలుస్తుంది?"

"దానికి అక్షరాలు వచ్చా?"

"రావండీ. అక్షరమ్ముక్క రాదు."

నేను కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. "మరెట్టా రాస్తది?"

"ఊహిస్తుంది. ముందు వేల వాక్యాలు దానికి ఇస్తాం. ఏ చప్పుడు తర్వాత ఏ చప్పుడు ఎన్నిసార్లు వచ్చింది, ఏ మాట తర్వాత ఏ మాట వచ్చింది అని లెక్కలు కట్టుకుంటుంది. కొత్తగా ఎవరైనా మాట్లాడితే, ఈ చప్పుళ్లకు ఎక్కువగా సరిపోయేది ఏదై ఉంటుందా అని చూసి అది చెబుతుంది. తెలిసి చెప్పడం కాదండీ. ఇది అయ్యుండొచ్చు అని చెప్పడం."

"తప్పు చెప్పదా?"

"ఎందుకు చెప్పదు! ఎప్పుడూ వచ్చే మాటలైతే బాగానే చెబుతుంది. ఎప్పుడూ రానిది వచ్చిందనుకోండి, దాన్ని కూడా ఎప్పుడూ వచ్చేదానిలా మార్చేస్తుంది. దానికి అనుమానం కూడా రాదు. మీరు ఇల్లు తగలబడుతోందని చెప్పినా, అది గేదె ఈనిందని రాసుకుని హాయిగా కూచుంటుంది."

సరదాగా అన్నదే. నేనూ నవ్వబోయాను. నవ్వు రాలేదు.

ఆ సోమవారమే అత్తగారి ఊరినుంచి కార్డు వచ్చింది. సెలవలు, చదివే పిల్ల లేదు. ఎప్పట్లాగే మా ఆయన ముందు నిలబడి ఇచ్చట అందరం క్షేమం అన్నాను. మోకాళ్లు, కాలవ, గేదె. ఉప్పెన గాలికి లేచిపోయిన తాటాకు కప్పు మళ్లీ వేయించారని కూడా చేర్చాను, ఎండాకాలం కదా, వేయించే ఉంటారు. మా ఆయన అన్నం తింటూ నా చేతిలోకి చూసి, "నాలుగు గీతలే ఉన్నాయి, అంత సంగతి ఉందా?" అన్నాడు. "పంతులుగారు ఇరికించి రాశాడు," అన్నాను.

నాలుగు గీతలు. ఆ పంతులుగారి కార్డు ఎప్పుడూ అంచుల దాకా నిండి, అడ్రసు పక్కకు కూడా పాకేది. ఇది మాత్రం సగం ఖాళీ. నా కళ్లు చూశాయి, నేను చూడలేదు.

"కార్డు పద్దెనిమిదండీ," అంటోంది అమ్మాయి. చక్రాలు తిరుగుతున్నాయి. పద్దెనిమిదిలో ఏముందో నాకు తెలుసు. చేతిలో కార్డులు బల్ల మీద పెట్టేశాను.

"ఇప్పుడే వస్తానమ్మాయిగారూ," అని గడియ నేనే తీసుకుని బయటపడ్డాను. ఎండకు తారు చెప్పులకు అంటుకుంటోంది. కొండ మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. వంటింటి గోడకు ఉత్తరాలు గుచ్చే తీగ ఉండేది. పైనున్న కార్డు లాగితే తీగ చివర చూపుడువేల్లో దిగింది. మెట్ల మీద ఇద్దరు ముగ్గురు ఎదురుపడ్డారు. చదివే వాళ్లే. సంఘం వాళ్లే. ఎవరి ముందూ కార్డు చాపలేకపోయాను. మళ్లీ గోడౌనుకే వచ్చాను. మా సంఘం మనిషి కానిది, వారం తిరిగితే వెళ్లిపోయేది ఆ అమ్మాయి ఒక్కతే.

"ఈ ఉత్తరం కొంచెం..." అన్నాను. "ఈ జోడుతో సరిగా ఆనటంలేదు."

ఆమె మొహం వెలిగింది. "ఇంటి ఉత్తరమా? మీరే చదవండి, రికార్డు చేసుకుంటాను. నేను రాసిన వాక్యాలకంటే సహజంగా ఉంటుంది." మీట నొక్కింది. చక్రాలు తిరిగాయి.

మైకు నోటి దగ్గర ఉంది. ఇచ్చట అందరం క్షేమం అని మొదలుపెడితే సరిపోయేది. ఆమె నమ్మేది. నా నాలిక ఆ మాట దగ్గరికి వెళ్లింది కూడా.

"నాకు చదవడం రాదమ్మాయిగారూ. ఒక్క అక్షరం రాదు. సోమవారం వచ్చిన కార్డు ఇది. ఏం రాశారో చెప్పండి, మీకు దణ్ణం పెడతాను."

ఆమె ఆశ్చర్యపోలేదు. కార్డు తీసుకుంటూ మెల్లగా అంది. "మూడో రోజే తెలిసిందండీ. మొదటి రోజు నేను చదివి వినిపించింది కూడా టేపులో పడింది. అదీ మీదీ పక్కపక్కన పెట్టి విన్నాను. నేను ఎక్కడ ఊపిరి తీసుకుంటే మీరూ అక్కడే తీసుకున్నారు. గొంతు మీది, నడక నాది."

"మరి అడగలేదేం?"

"ఎలా అడగను?" అంది. తర్వాత కార్డు చదివింది. "అమ్మకు జబ్బు చేసినది. మంచము పట్టినది. నిన్ను చూడవలెనని ఒకటే కలవరించుచున్నది. కార్డు అందిన వెంటనే బయలుదేరి రావలెను."

అది శుక్రవారం. కార్డు మా ఇంటికొచ్చి అయిదో రోజు.

లేచి నిలబడ్డాను. చక్రాలు ఇంకా తిరుగుతున్నాయి. "అది చెరిపెయ్యండి," అన్నాను, టేపు వైపు చూపించి. ఆమె ఏదో అనబోయింది. వినడానికి ఆగలేదు.

షెడ్డులో మా ఆయన సిమెంటు వ్యాగను దించుతున్నాడు. తలకు గుడ్డ, కనురెప్పల మీద బూడిద. నన్ను చూసి బస్తా దించి వచ్చాడు.

"మీ అమ్మకి బాగాలేదంట. కార్డులో రాశారు."

"ఏ కార్డు? మళ్లీ వచ్చిందా?"

"సోమవారం వచ్చిందే."

"అది చదివావుగా."

"చదవలేదు. చెప్పాను."

తలగుడ్డ విప్పాడు. కుళాయి కింద తల పెట్టి కడుక్కున్నాడు. "నడువు," అన్నాడు.

బస్సు కంకిపాడు దాటింది. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగాడు.

"పెళ్లిచూపుల్లో చదివింది?"

"నోటికొచ్చింది."

"ఇన్నేళ్ల ఉత్తరాలు?"

"కొన్ని బడిపిల్లలు చదివినయ్యి. కొన్ని నేను అల్లినయ్యి."

"మా నాన్న సంవత్సరికానికి రమ్మని రాసింది?"

"అది నిజమే. పిల్ల చదివింది."

"గేదె చచ్చిపోయిందన్నది?"

"అదీ నిజమే."

అలా ఉయ్యూరు దాకా ఒక్కొక్కటీ అడుగుతూనే ఉన్నాడు. ఏది ఉన్నది, ఏది లేనిది అని. కొన్నింటికి నాకే గుర్తులేదు. "తెలీదయ్యా," అన్నాను. అప్పుడు తల తిప్పి నన్ను చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మేం వెళ్లేసరికి అత్తగారు బతికే ఉంది. కాని ముందు రోజే మాట పడిపోయింది. కొడుకు చెయ్యి పట్టుకుని నోరు కదిపింది. గాలి వచ్చింది తప్ప మాట రాలేదు. ఆయన చెవి ఆమె పెదాలకు ఆనించి అలాగే కూచున్నాడు.

"నిన్నటిదాకా నీ పేరే తలుచుకుందిరా," అని ఆడబిడ్డ ఏడ్చింది. "ఏదో చెప్పాల, వాడికే చెప్పాల అంది. నాకు చెప్పమంటే చెప్పలేదు. కార్డు రాయించి పదిరోజులాయె. ఎందుకు రాలేదురా?"

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. చెప్పేస్తాడనుకున్నాను. చెప్పేస్తే అక్కడితో అయిపోతుందనుకున్నాను కూడా.

"కార్డు ఇయ్యాలే అందిందక్కా," అన్నాడు మా ఆయన.

మూడో రోజు తెల్లవారి ఆమె పోయింది. సమాధుల దగ్గర ఊరి పెద్ద ఒకాయన, "కోడలు చదువుకున్న మనిషి కదా. అత్తగారికి ఆ పిల్ల చదువంటే ప్రాణం. ఆమెతోనే చదివించండి," అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది మా ఆయనే. ఏదో ఒకచోట తెరిచి, తెరిచిన చోట బొటనవేలు ఆనించి ఇచ్చాడు. సిమెంటు ఇంకా ఆయన గోటి చుట్టూ ఉంది. పెళ్లిచూపుల్లో వినిపించిన కీర్తనే వినిపించాను. మధ్యలో పేజీ తిప్పాల్సి వచ్చింది. ఆయన చూస్తుండగా తిప్పాను.

తిరుగు బస్సులో ఒకటే మాట అన్నాడు. "ఎవరికీ చెప్పమాక. ఇప్పుడు చెబితే నేనూ అబద్ధం ఆడినట్టే."

అప్పటిదాకా నేనొక్కదాన్నే ఉన్న గదిలోకి ఆయన కూడా వచ్చి లోపల గడియ పెట్టుకున్నాడు.

బెజవాడలో దిగాక గోడౌనుకు వెళ్లాను. అమ్మాయి వెళ్లిపోయింది. దూది బస్తాలు ఎవరికో అమ్మేసినట్టున్నారు, గది సగం ఖాళీ, కిటికీ తెరిచి ఉంది. గుమాస్తా బీరువాలోంచి కార్డుల కట్ట తీసి ఇచ్చాడు.

"మీకిమ్మన్నారండీ అమ్మాయిగారు. నంబర్లు మీకు తెలుసంట, అంతే చెప్పమన్నారు."

"మరి టేపులు?"

"అన్నీ పట్టుకెళ్లిపోయారండీ."

నేను మాట్లాడిన ఆ ముక్క చెరిపిందో లేదో ఈనాటికీ నాకు తెలియదు. ఎక్కడో తెలియని ఊళ్లో, ఏదో బీరువాలో, నాకు చదవడం రాదమ్మాయిగారూ అంటున్న నా గొంతు ఉండే ఉంటుందనిపిస్తుంది.

కార్డులు మాత్రం నా దగ్గర ఉన్నాయి. చెప్పకూడదన్నాక, పుస్తకం వద్దనే వీలు లేనప్పుడు, అబద్ధాన్ని నిజం చెయ్యడం తప్ప నాకు దారి మిగల్లేదు. ఎవరినీ అడగలేను. బడిలో పలక పట్టలేను. నంబరు చూస్తే వాక్యం తెలుసు. వాక్యం తెలిస్తే, ఆ గీతల్లో ఎక్కడో ఆ చప్పుళ్లు ఉండాలి. ఒకటో కార్డులో "రాలేదు" ఉంది, చివర్న "వచ్చేసింది" ఉంది. పదకొండో కార్డులోనూ "రాలేదు" ఉంది. రెండూ పక్కన పెట్టి, రెండింట్లోనూ ఒకేలా ఉన్న ముక్కేదో వెతికేదాన్ని. దొరికితే మూడోదాంట్లో సరిచూసేదాన్ని. కొన్నిసార్లు వారం రోజులు ఒకటి అనుకుని, అది కాదని తెలిసి మొదటికొచ్చేదాన్ని. అంట్లు తోమే చోట, బొగ్గుతో నేల మీద రాసి నీళ్లతో కడిగేసేదాన్ని. ఒత్తులు చాలాకాలం లొంగలేదు. నాలుగేళ్లు పట్టింది నలభై కార్డులకు. వాటిలో లేని మాట మొదటిసారి చదివింది ఒక గోలీసోడా బండి మీద. నా జుట్టు అప్పటికే నెరిసింది.

ఆ తర్వాత ఒకరోజు తీగకు గుచ్చిన ఆ పాత కార్డు తీశాను. వేలు పెట్టి చదువుతుంటే మా ఆయన మంచం మీదినుంచి వింటున్నాడు. అమ్మకు జబ్బు చేసినది. మంచము పట్టినది. చివరిదాకా చదివాను. నాలుగు గీతలకు నాలుగు గీతలు.

ఆయన చెయ్యి చాపాడు. కార్డు తీసుకుని, చూపుడువేలితో గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి తిరిగిచ్చాడు.

ఆయన ఉన్నన్నాళ్లూ ఏ ఉత్తరం వచ్చినా అలాగే చేసేవాడు. నేను చదవడం అయ్యాక చెయ్యి చాపి, గీతలు లెక్కపెట్టి, నా మొహంలోకి చూసి అడిగేవాడు.

"ఉన్నదే చదివావా?"

"ఉన్నదే."

అప్పుడు కార్డు నా చేతికిస్తే, తీసుకెళ్లి తీగకు గుచ్చేదాన్ని.